మందు కొట్టు యంత్రపు బ్యాటరీకి ఛార్జి ఎక్కించు విధము

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి పూత, పిందె దశలు మిక్కిలి కీలకమైనవి. కాయతొలుచు పురుగు, మారుకా పురుగు అదను చూచుకొని వచ్చును గాని మన వీలు చూడవు. అట్టి దినములలో నాలుగు ట్యాంకులు కొట్టగానే యంత్రము ఆగినచో కలిపిన మందు ట్యాంకులో నిలిచిపోవును, కూలీలు గట్టున కూర్చుందురు. బ్యాటరీ నాసిరకమని రైతులు దుకాణదారుని దూషింతురు. నేను చూచిన వానిలో పెక్కింటికి లోపము ఛార్జి చేసిన తీరులోనే యున్నది.

ఈ యంత్రములలో తరచుగా వచ్చునది 12 వోల్టుల, 8 లేక 12 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ. మూత బిగించి యుండును. ట్రాక్టరు పాత బ్యాటరీలో వలె దీనిలో నీరు పోయ వీలులేదు; అధిక ఛార్జి వలన ఆరిన నీరు ఆరినట్లే.

తక్కువ ఛార్జి అంతకంటెను చేటు. బ్యాటరీ వాడిన కొలది పలకలపై సీసపు సల్ఫేటు ఏర్పడును. వెంటనే ఛార్జి చేసినచో అది కరగును. వారముల తరబడి వదలినచో గట్టిపడి, మరల ఛార్జి పట్టదు. ఒక గ్రామమున కంది కోత నాడు కొట్టములో పడవేసిన యంత్రమును వానకాలమున తీసిరి. రెండు గంటలలోనే ఛార్జరుపై ఆకుపచ్చ దీపము వెలిగెను. రైతు సంతోషించెను. పొలములో రెండు ట్యాంకులకే ఆగిపోయెను.

కావున పొలము నుండి వచ్చిన రాత్రియే ఛార్జికి పెట్టవలెను. పూర్తిగా ఖాళీ అయిన పిదపనే పెట్టవలెనను మాట ఈ బ్యాటరీకి వర్తించదు. తుంపర బలము తగ్గగానే యంత్రము ఆపవలెను. 8 ఆంపియర్-గంటల దానికి 1 నుండి 2 ఆంపియర్ల కరెంటు చాలును, వోల్టేజి 14.7 దాటరాదు. ట్రాక్టరు బ్యాటరీల పెద్ద ఛార్జరుకు తగిలించినచో ఉబ్బిపోవును. లిథియం బ్యాటరీ ఛార్జరు దీనికి, దీనిది దానికి పనికిరాదు. ఆకుపచ్చ దీపము వెలిగిన పిమ్మట ఒకటి రెండు గంటలుంచి తీసివేయవలెను. గాలి తగులు నీడపట్టున, పొయ్యికి దూరముగా ఛార్జి చేయవలెను.

కొన్ని గంటలు కదపక ఉంచి మల్టీమీటరుతో చూచినచో నిండిన బ్యాటరీ సుమారు 12.8 వోల్టులు చూపును. పంట కాలము ముగిసిన తరువాత నిండుగా ఛార్జి చేసి, తీగ విప్పి, రెండు నెలలకొకసారి మరల ఎక్కించవలెను. బండల నేలపై పెట్టిన ఛార్జి దిగునని కొందరందురు. తాండూరు బండకు ఆ పాపము లేదు. ఎండకు కాగు రేకుల కొట్టము కంటె ఆ చల్లని నేలయే మేలు.

పాడైన దానిని పగులగొట్టక దుకాణమునకు తిరిగి ఇచ్చి, పాత బ్యాటరీ వెల తగ్గించుకొనవలెను. లోపలి సీసము విషము.