మతస్థాపకుల చిత్తశుద్ధి - చారిత్రక పరీక్ష: బసవపురాణం, మోర్మన్ మతచర్చల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక మతోద్యమాన్ని స్థాపించిన వ్యక్తి తాను చెప్పినదాన్ని తానే నమ్మాడా, లేక ఇతరులను నమ్మించడానికి మాత్రమే చెప్పాడా అన్న ప్రశ్న మతచరిత్ర అధ్యయనంలో తరచు ఎదురవుతుంది. అమెరికాలో 1830లో ఏర్పడిన మోర్మన్ సంఘం విషయంలో ఈ చర్చ దాదాపు రెండు శతాబ్దాలుగా సాగుతోంది. తెలుగు సాహిత్యంలో దీనికి దగ్గరగా నిలిచే ఉదాహరణ వరంగల్లు ప్రాంతానికి చెందిన పాలకురికి సోమనాథుని బసవపురాణం. అందులో బసవేశ్వరునిపై వచ్చిన భాండాగార అభియోగం, దానికి భక్తకవి చెప్పిన సమాధానం, జైన రచన చెప్పిన ప్రతికథ ఉన్నాయి. ఈ రెండు సందర్భాలను పోల్చి, చిత్తశుద్ధిని వ్యక్తి మొత్తానికి అంటగట్టకుండా ఒక్కొక్క ప్రకటనకు విడివిడిగా పరీక్షించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాలకురికి సోమనాథుడు, బసవపురాణం, వీరశైవం, అబ్లూరు శాసనం, జోసెఫ్ స్మిత్, మోర్మన్ మతం, చిత్తశుద్ధి, ఆధారపరీక్ష.

1. ఉపోద్ఘాతం

పాలకురికి సోమనాథుని తరువాతి కాలంలో పిడుపర్తి సోమనాథుడు బసవపురాణాన్ని పద్యకావ్యంగా రచించాడు. అందులో ఒక ప్రసిద్ధమైన ఘట్టం ఉంది. కాకతీయ ప్రతాపరుద్రుడు ఓరుగల్లులోని శివాలయానికి వెళ్లినప్పుడు అక్కడ భక్తులు బసవపురాణ పఠనంలో ఉంటారు. అదేమిటని రాజు అడిగితే, అది పాలకురికి సోమనాథుడు ఈ మధ్యనే ద్విపదలో కూర్చిన కథ అనీ, ప్రమాణగ్రంథం కాదనీ ఒక బ్రాహ్మణుడు చెబుతాడు. రాజు వినకుండానే వెళ్లిపోతాడు.

ఈ ఘట్టం చారిత్రకంగా జరిగిందా లేదా అన్నది వేరే విషయం. అందులోని ఆక్షేపణ మాత్రం గమనించదగినది. ఒక మతకథ కొత్తది కావడం, దాన్ని చెప్పినవాడు ఆ మతానికే చెందినవాడు కావడం దాని విశ్వసనీయతకు లోపాలుగా అక్కడ కనిపిస్తాయి. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో 'మోర్మన్ గ్రంథం' వెలువడినప్పుడు దాని ప్రకర్త జోసెఫ్ స్మిత్ ఎదుర్కొన్న ఆక్షేపణ కూడా ఇటువంటిదే. గ్రంథం కొత్తది; సాక్షులందరూ ఆయన మనుషులే. ఆ సంఘం నేడు తెలుగువారికి అపరిచితం కాదు. హైదరాబాదు, విశాఖపట్నం, రాజమహేంద్రవరం వంటి నగరాల్లో దాని శాఖలు ఉన్నాయి. కనుక ఈ పోలిక తెలుగు పాఠకునికి దూరపు విషయం కాబోదు.

2. మూడు ప్రశ్నల మధ్య భేదం

స్థాపకుల గురించిన వాదాల్లో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోతుంటాయి. మొదటిది సత్యానికి సంబంధించినది: చెప్పినది వాస్తవమా? రెండవది చిత్తశుద్ధికి సంబంధించినది: చెప్పినవాడు చెప్పిన సమయంలో దాన్ని నమ్మాడా? మూడవది ఫలితానికి సంబంధించినది: దానివల్ల సమాజానికి మేలు జరిగిందా, కీడు జరిగిందా?

వీటిలో ఒకదానికి దొరికిన సమాధానం మరొకదానికి చెల్లదు. అసత్యాన్ని మనస్ఫూర్తిగా నమ్మి చెప్పేవారు ఉంటారు. నమ్మకం లేకుండా చెప్పిన మాటవల్ల మేలు జరిగిన సందర్భాలూ ఉండవచ్చు. చరిత్రకారుడు దైవసాక్షాత్కారం వంటి విషయాలపై తీర్పు చెప్పలేడు. చిత్తశుద్ధి విషయంలో మాత్రం లేఖలు, లెక్కలు, శాసనాలు, సమకాలికుల మాటలు, ప్రవర్తనలో వచ్చిన మార్పులు కొంతవరకు ఆధారాలు కాగలవు. అందువల్ల ఈ వ్యాసం రెండవ ప్రశ్నకే పరిమితమవుతుంది.

3. బసవేశ్వరుని గురించిన ఆధారాలు

బసవేశ్వరుడు 12వ శతాబ్దిలో కల్యాణ నగరాన్ని ఏలిన కలచురి బిజ్జలుని కొలువులో ఉన్నత పదవి నిర్వహించాడు. శాసనాల ప్రకారం 1167-68 నాటికి బిజ్జలుని కుమారుడు సోవిదేవుడు పాలనకు వచ్చాడు. బసవేశ్వరుని జీవితాన్ని చెప్పే ఆధారాలు నాలుగు రకాలు.

మొదటివి శాసనాలు. బెళగావి ప్రాంతంలోని అర్జునవాడ శాసనం (1260) బసవేశ్వరుని ప్రస్తావిస్తుంది. అంతకు ముందే, 1200 ప్రాంతానికి చెందిన అబ్లూరు శాసనం ఏకాంతద రామయ్య అనే శైవుని కథను వివరంగా చెబుతుంది. రెండవవి వచనాలు. ఇవి బసవేశ్వరుని సొంత మాటలుగా ప్రసిద్ధమైనా, నేటి రూపంలో మనకు దక్కినవి తరువాతి కాలపు సంకలనాల ద్వారానే. మూడవవి భక్తుల కావ్యాలు. కన్నడంలో హరిహరుని రగళె, తెలుగులో సోమనాథుని బసవపురాణం వీటిలో ముఖ్యమైనవి. 1369లో భీమకవి కన్నడంలో రచించిన బసవపురాణానికి మూలం సోమనాథుని కావ్యమే. నాలుగవది ప్రతిపక్ష రచన. 17వ శతాబ్దికి చెందినదిగా భావించే 'బిజ్జలరాయచరితె' అనే జైన కావ్యం బసవేశ్వరుని రాజద్రోహిగా చిత్రించింది.

సోమనాథుని కాలం విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. మొదటి ప్రతాపరుద్రుని కాలమని కొందరు, రెండవ ప్రతాపరుద్రుని కాలమని మరికొందరు వాదించారు. మొదటి వాదం ప్రకారం ఆయన బసవేశ్వరునికి ఒకటి రెండు తరాల దూరంలో ఉంటాడు. రెండవ వాదం ప్రకారం ఆ దూరం శతాబ్దానికి పైబడుతుంది. ఆధారపరీక్షలో ఈ తేడా చిన్నది కాదు.

4. భాండాగార అభియోగం

బసవపురాణంలో చిత్తశుద్ధి ప్రశ్నను నేరుగా తాకే ఘట్టం భాండాగారానిది. బసవేశ్వరుడు రాజు ధనాన్ని జంగమార్చనకు వెచ్చిస్తున్నాడని గిట్టనివారు బిజ్జలునికి చెబుతారు. రాజు లెక్క చూపమంటాడు. ధనం తెచ్చి లెక్కిస్తే ఏమీ తగ్గలేదని తేలుతుంది. భక్తకవి దృష్టిలో ఇది శివుని మహిమ.

ఈ కథలోని మహిమను చరిత్రకారుడు అవునని గాని కాదని గాని అనలేడు. అభియోగం మాత్రం అతనికి విలువైన ఆధారం. స్థాపకుని మహత్తును చాటడానికి పూనుకున్న కవి, ఆయనపై దొంగతనపు నింద వచ్చిందన్న కథను తనంత తానుగా కల్పించవలసిన అవసరం కనిపించదు. ఆ నింద అప్పటికే జనంలో ప్రచారంలో ఉండి ఉంటుంది. దానికి సమాధానం చెప్పక తప్పని స్థితి భక్తసమాజానికి ఏర్పడి ఉంటుంది. ఆ విధంగా బసవపురాణం తనకు ప్రతికూలమైన సాక్ష్యాన్ని కూడా భద్రపరిచింది.

ఇప్పుడు ప్రతిపక్షం మాట చూడాలి. బిజ్జలరాయచరితె ప్రకారం బసవేశ్వరుని సోదరి సౌందర్యం చూసి రాజు ఆమెను పెండ్లాడాడు. ఆ బాంధవ్యంతో బసవేశ్వరునికి అధికారం దక్కింది. అతడు రాజధనాన్ని జంగములకు ఖర్చుపెట్టాడు. చివరకు విషం కలిపిన పండుతో రాజును చంపించాడు. బసవపురాణంలో మాత్రం ఇద్దరు భక్తుల కళ్లు తీయించిన పాపానికి బిజ్జలుడు జగద్దేవుడు మొదలైనవారి చేతిలో హతుడవుతాడు; బసవేశ్వరుడు అప్పటికే నగరం విడిచిపెడతాడు.

ఈ రెండు కథలూ దాదాపు ప్రతి అంశంలోనూ విభేదిస్తాయి. అయినా ఒక విషయంలో కలుస్తాయి. ధనం జంగముల కోసమే వెచ్చించాడన్నది ఆయనపై మోపిన నేరం. శత్రుపక్షం కూడా ఆయన ఆ ధనంతో మేడలు కట్టుకున్నాడనో, సొంత ఆస్తి కూడబెట్టాడనో చెప్పలేదు. రాజధనాన్ని అనుమతి లేకుండా వెచ్చించడం తప్పు కావచ్చు. కాని ప్రకటించిన విశ్వాసం కోసమే వెచ్చించినప్పుడు అది ఆ విశ్వాసంలో చిత్తశుద్ధి లేదనడానికి నిదర్శనం కాదు, ఉందనడానికే నిదర్శనమవుతుంది. పరస్పర విరోధులైన ఇద్దరు సాక్షులు కలిసే బిందువు, వారిలో ఏ ఒక్కరి మాట కన్నా ఎక్కువ బరువైనది.

5. అద్భుతం - సాక్ష్యం: అబ్లూరు శాసనం

అద్భుతకథలు కాలక్రమంలో భక్తుల ఊహల్లో పెరుగుతాయనీ, దగ్గరి కాలపు ఆధారాల్లో ఉండవనీ ఒక అభిప్రాయం ఉంది. అబ్లూరు శాసనం దీన్ని సరిదిద్దుతుంది. ఏకాంతద రామయ్య జైనులతో పందెం వేసి, తన తలను శివునికి అర్పించి, ఏడు రోజుల తరువాత తిరిగి పొందాడని ఆ శాసనం చెబుతుంది. బిజ్జలుడు అతనికి జయపత్రం ఇచ్చాడని కూడా పేర్కొంటుంది. ఇదే కథ బసవపురాణంలోనూ ఉంది. సంఘటనకు కొన్ని దశాబ్దాల దూరంలోనే అద్భుతం రాతికెక్కింది. 19వ శతాబ్ది చివర ఈ శాసనాన్ని పరిష్కరించిన ఫ్లీట్, వీరశైవ పునరుజ్జీవనంలో బసవేశ్వరుని కన్నా ఏకాంతద రామయ్యకే ప్రాధాన్యం ఇవ్వాలని వాదించాడు.

దీనివల్ల తెలిసేది ఒకటే: ఆధారం దగ్గరిది అయినంత మాత్రాన అద్భుతం తొలగిపోదు. అలాగే అద్భుతం ఉన్నంత మాత్రాన శాసనం చెక్కించినవారు మోసగాళ్లు కారు. ఈ విషయం మోర్మన్ చర్చలో మరింత స్పష్టమవుతుంది.

6. జోసెఫ్ స్మిత్ విషయంలో చర్చ

జోసెఫ్ స్మిత్ 1805లో వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టాడు. దేవదూత చూపిన బంగారు రేకులు 1827లో తనకు లభించాయనీ, వాటిని దైవానుగ్రహంతో అనువదించాననీ చెప్పాడు. 1830 ఏప్రిల్ 6న సంఘాన్ని స్థాపించాడు. 1844 జూన్ 27న ఇల్లినాయి రాష్ట్రంలోని కార్తేజ్ జైలులో అల్లరిమూక చేతిలో హతుడయ్యాడు. ఆయన గురించి దినచర్యలు, లేఖలు, కోర్టు కాగితాలు, పత్రికలు పెద్దసంఖ్యలో మిగిలాయి.

ఆయనకు అనుకూలంగా చూపే ఆధారాల్లో మొదటిది సాక్షుల ప్రవర్తన. రేకులను చూశామని ముగ్గురు ఒక ప్రకటనలో, ఎనిమిదిమంది మరొక ప్రకటనలో సంతకాలు చేశారు. మొదటి ముగ్గురూ 1837-38 నాటికి స్మిత్‌తో విభేదించి సంఘానికి దూరమయ్యారు. అయినా వారిలో ఎవరూ తమ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోలేదు. మరొక ఆధారం త్యాగం. సాక్షుల్లో ఒకడైన మార్టిన్ హారిస్ గ్రంథముద్రణ కోసం తన పొలాన్ని తాకట్టు పెట్టాడు. అయితే ఇవి ప్రధానంగా అనుచరుల చిత్తశుద్ధిని నిరూపిస్తాయి. స్థాపకుని చిత్తశుద్ధికి ఇవి పరోక్ష సాక్ష్యాలు మాత్రమే.

ప్రతికూలంగా చూపేవి మూడు. 1826లో, గ్రంథానికి ముందే, మహిమగల రాయిలోకి చూసి నిధులు కనిపెడతానన్నాడన్న ఆరోపణపై స్మిత్‌ను న్యూయార్క్ రాష్ట్రంలో న్యాయాధికారి ముందు హాజరుపరిచారు. 1835లో కొన్న ఈజిప్టు పత్రాల నుండి అబ్రహాము రచనను అనువదించానని ఆయన ప్రకటించాడు. 1967లో బయటపడిన ఆ పత్రాల భాగాలు మృతుల కోసం రాసిన సాధారణ అంత్యక్రియల పాఠాలని ఈజిప్టు భాషావేత్తలు తేల్చారు. 1844 మే నెలలో ఆయన తనకు ఒక్క భార్య తప్ప మరెవరూ లేరన్న అర్థంలో బహిరంగంగా మాట్లాడాడు. అప్పటికి రహస్యంగా ముప్పైమందికి పైగా స్త్రీలను వివాహమాడినట్లు ఆ సంఘమే నేడు అంగీకరిస్తోంది.

ఈ మూడింటి బరువు ఒకటి కాదు. నిధులు వెతకడం ఆనాటి గ్రామీణ అమెరికాలో చాలామంది నమ్మిన విద్య. దానివల్ల మోసం రుజువు కాదు. తప్పు అనువాదం సత్యానికి సంబంధించిన ఆధారం; చిత్తశుద్ధికి సంబంధించినది కాదు. బహుభార్యాత్వాన్ని కాదనడం మాత్రం చెప్పినవాడికి తెలిసిన వాస్తవానికి విరుద్ధమైన మాట. చిత్తశుద్ధి లోపానికి నేరుగా వర్తించే ఆధారం ఈ మూడింటిలో ఇదొక్కటే. అయితే ఈ ఒక్క మాట అసత్యమైనందువల్ల 1820లలో ఆయన చెప్పిన దర్శనాలు కూడా కల్పితాలే అనడం తర్కానికి నిలవదు.

పండితుల అభిప్రాయాలు కూడా ఈ తేడాను అనుసరించే విడిపోయాయి. 1945లో ఫాన్ బ్రాడీ రాసిన జీవితచరిత్ర స్మిత్‌ను మొదట కల్పనతో ప్రారంభించి క్రమంగా తన పాత్రను తానే నమ్మినవాడిగా చూపింది. డాన్ వోగెల్ 2004లో, మంచి ఉద్దేశంతో మోసానికి పూనుకున్న భక్తుడని వాదించారు. సంఘ సభ్యుడైన రిచర్డ్ బుష్‌మన్ 2005లో ప్రచురించిన గ్రంథంలో ఆయన తన పిలుపును నిజంగా నమ్మాడన్న దృష్టితో రాశారు. మోసగాడు లేదా ప్రవక్త అన్న రెండే మార్గాలు చాలవని, విశ్వాసం పదార్థరూపం పొందే ప్రక్రియగా ఈ రేకుల కథను చూడవచ్చని యాన్ టేవ్స్ 2016లో ప్రతిపాదించారు.

7. తులన

ఆధారాల సమృద్ధి తీర్పును సులభం చేస్తుందనుకోవడం సహజం. ఈ రెండు సందర్భాలను పక్కపక్కన పెడితే భిన్నమైన ఫలితం కనిపిస్తుంది. బసవేశ్వరుని విషయంలో ఆధారాలు తక్కువ, దూరమైనవి. అందువల్ల ఒకటి రెండు అంశాల్లో మాత్రమే, పరిమితంగా మాట్లాడగలం. స్మిత్ విషయంలో ఆధారాలు ఎక్కువ. అవి ఒకే వ్యక్తిలో కొన్ని ప్రకటనలకు విశ్వాసాన్ని, మరికొన్నింటికి దాపరికాన్ని చూపుతాయి.

ప్రాణత్యాగం గురించి కూడా జాగ్రత్త అవసరం. కార్తేజ్ జైలు మరణాన్ని అనుచరులు చిత్తశుద్ధికి పరమప్రమాణంగా చెబుతారు. మరణం చివరి రోజుల నిబద్ధతకు కొంత సాక్ష్యం కావచ్చు. ఇరవయ్యేళ్ల కిందటి తొలి ప్రకటన సమయంలో మనసు ఎలా ఉందో అది చెప్పలేదు. అలాగే ప్రత్యర్థుల రచనలను పక్షపాతం పేరుతో పూర్తిగా తోసిపుచ్చకూడదు. స్మిత్ పొరుగువారి ప్రమాణపత్రాలతో 1834లో వెలువడిన హౌ గ్రంథం బహిష్కృతుడైన ఒక మాజీ సభ్యుడు సేకరించిన సామగ్రిపై ఆధారపడింది; బిజ్జలరాయచరితె శతాబ్దాల తరువాతి జైన రచన. అయినా ఇవి భక్తుల కథనంతో ఎక్కడ కలుస్తాయో అక్కడ విలువైనవి.

8. ముగింపు

ఈ పరిశీలన నుండి తేలిన అంశాలు:

1. చిత్తశుద్ధి వ్యక్తి జీవితమంతటికీ ఒకేసారి ఇచ్చే యోగ్యతాపత్రం కాదు. ఒక్కొక్క ప్రకటనకు, అది వెలువడిన కాలానికి అనుగుణంగా దాన్ని పరీక్షించాలి.

2. అనుచరుల త్యాగం అనుచరుల విశ్వాసానికి, అనువాదదోషం సత్యానికి, తెలిసి చేసిన నిరాకరణ చిత్తశుద్ధికి ఆధారాలు. వీటిని ఒకదాని స్థానంలో మరొకటి వాడకూడదు.

3. భక్తకావ్యాన్ని చరిత్రకు పనికిరాదని తోసివేయడం పొరపాటు. సోమనాథుడు తన ఆరాధ్యునిపై వచ్చిన నిందను కూడా కావ్యంలో నిలిపాడు. దాన్ని ప్రతిపక్ష రచనతో పోల్చినప్పుడు, బసవేశ్వరుడు ధనాన్ని సొంతానికి కాక జంగమసేవకే వెచ్చించాడన్న అంశంలో ఇరుపక్షాలూ కలుస్తున్నాయి.

ఓరుగల్లు ఆలయంలో బసవపురాణాన్ని కొత్త కథ అని కాదన్న ఆక్షేపణకు సమాధానం ఇక్కడ లభిస్తుంది. కొత్తదనం, మతాభిమానం ఒక గ్రంథాన్ని అప్రమాణం చేయవు. అది తనకు అనుకూలం కాని విషయాలను ఏ మేరకు దాచకుండా చెప్పిందన్నదే చరిత్రకారునికి ముఖ్యం.