'పుచ్చిన దవడపన్ను': ఒక డచ్చి రూపకం - ఆంగ్లానువాద మార్గాలు

1. ఉపోద్ఘాతం:

ఉపమానోపమేయాలకు అభేదం చెప్పడం రూపక లక్షణం. వాడుకలో నలిగి పలుకుబడిగా స్థిరపడిన రూపకంలో ఈ అభేదాన్ని ఆ భాషావ్యవహర్తలు గమనించరు. అనువాదకునికి మాత్రం అది సమస్యగా ఎదురవుతుంది. నగర శిథిలతను సూచించే 'రొత్తె కీస్' అనే డచ్చి పదబంధం ఇందుకు మంచి ఉదాహరణ. 'పుచ్చిన దవడపన్ను' అని దీని వాచ్యార్థం. బాగున్న కట్టడాల నడుమ పాడుబడి నిలిచిన భవనాన్ని డచ్చివారు ఇలా వ్యవహరిస్తారు. దీనిని సహజమైన ఆంగ్లంలోకి తెచ్చే మార్గాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. రూపక స్వరూపం:

డచ్చి పాతపట్టణాల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని వరుసగా ఉంటాయి. కనుక వీథి దంతపంక్తి అయింది. శిథిల భవనం పుచ్చుపన్ను అయింది. ఈ పోలికలో మూడు ధర్మాలున్నాయి: వరుసలో ఒక్కటి చెడడం, చూపుకు వికారంగా ఉండడం, ఉపేక్షిస్తే బాధ పెరగడం. మూడవ ధర్మం వల్లనే కూల్చివేతను 'పన్ను పీకడం'గా చెప్పి రూపకాన్ని పొడిగించే వీలు కలిగింది.

3. అనువాద మార్గాలు:

రూపకానువాదానికి రేమండ్ వాన్ డెన్ బ్రూక్ 1981లో మూడు పద్ధతులను ప్రతిపాదించాడు: యథాతథానువాదం, ప్రత్యామ్నాయ రూపకం, వివరణ.

అ) యథాతథానువాదం: డచ్చిలో 'కీస్' ఇంటింటి మాట. పంటినొప్పిని సైతం 'కీస్‌పైన్' అంటారు. ఆంగ్లంలో దానికి సరిపోలే 'మోలార్' దంతవైద్యం వాసన కొడుతుంది. కనుక 'రాటెన్ మోలార్' కంటే 'రాటెన్ టూత్' సహజం. అయితే ఇది ఆంగ్లంలో స్థిరపడిన పలుకుబడి కాదు. రచయిత కొత్తగా కల్పించిన రూపకంలా ధ్వనిస్తుంది.

ఆ) ప్రత్యామ్నాయ రూపకం: 'ఐసోర్' కూడా శరీరసంబంధి, కూడా నలిగిన మాటే. కాని అందులో వికారం ఒక్కటే మిగులుతుంది. వరుస, చికిత్స అనే భావాలు జారిపోతాయి. 'బ్లైట్' పైరు తెగులు నుంచి వచ్చిన మాట, వ్యాప్తిని సూచిస్తుంది. అమెరికాలో దీనికి చట్టపరమైన బరువు కూడా ఉంది. బర్మన్ వర్సెస్ పార్కర్ (1954) కేసులో, 'బ్లైట్' సోకిన ప్రాంతంలో ఉన్నందున, తాను శిథిలం కాని దుకాణాన్ని సైతం ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. ఒక్క భవనాన్ని గురించిన మాటకు ఈ పదం వాడితే మూలంలో లేని అర్థం చేరుతుంది.

ఇ) వివరణ: 'డెరెలిక్ట్ బిల్డింగ్' అంటే విషయం స్పష్టమే, చిత్రం మాయమవుతుంది.

4. నిర్ణయానికి ఆధారం:

'పాత తపాలా కార్యాలయం ఊరి నడిబొడ్డున రొత్తె కీస్' అన్నంతవరకే వాక్యమైతే 'ఐసోర్' చాలు. 'దాన్ని పీకే సమయం వచ్చింది' అని తరువాతి వాక్యం ఉంటే 'ఐసోర్' నిలవదు, కంటిపుండును పీకరు. అక్కడ 'రాటెన్ టూత్' అనివార్యం. పళ్లకూ నగరాలకూ ఆంగ్లంలో 'డికే' అనే మాట ఉమ్మడిగా ఉండడం ఈ ఎంపికకు బలమిస్తుంది.

5. ముగింపు:

పన్నుగా చూపిన భవనానికి పీకడమే చికిత్సగా తోస్తుంది. మరమ్మతు అనే మార్గం మరుగున పడుతుంది. అంటే ఇక్కడ రూపకం అలంకారం మాత్రమే కాదు, కూల్చివేతకు అనుకూలమైన వాదం కూడా. సహజత్వం కోసం దాన్ని తొలగించిన అనువాదం ఆ వాదాన్ని పాఠకుని కంటపడకుండా చేస్తుంది. కనుక వాక్యాన్ని విడిగా కాక, రూపకం సందర్భంలో ఎంతదూరం సాగిందో చూసి నిర్ణయించడం సమంజసం.