మాధ్యమిక స్థాయిలో దూరవిద్య: ఉపాధ్యాయుల దృక్పథం – నిడదవోలు పరిసరాల నేపథ్యం

ఉపోద్ఘాతం

మాధ్యమిక విద్యలో ‘దూరవిద్య’ అనే మాట రెండు వేర్వేరు అనుభవాలకు వాడుకలో ఉంది. ఒకటి, 1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా బడి మానేసినవారు సాగించే చదువు. రెండవది, 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాక టీవీ, సెల్‌ఫోన్ల ద్వారా జరిగిన బోధన. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే ఉపాధ్యాయులు దూరవిద్యకు వ్యతిరేకులన్న తొందరపాటు నిర్ణయం ఏర్పడుతోంది. నిడదవోలు పరిసరాల నేపథ్యంలో ఈ వ్యాసం ఆ రెండింటినీ విడదీసి పరిశీలిస్తుంది.

బడికి దూరమైనవారి చదువు

నిడదవోలు డెల్టా ప్రాంతం. పశ్చిమ డెల్టా కాలువకు నీరు వదిలే విజ్జేశ్వరం ఈ మండలంలోనిదే. ఇటువంటి వరి ప్రాంతంలో నాట్లు, కోతల రోజులు పేద పిల్లల హాజరును ప్రభావితం చేస్తాయి. అలా చదువు ఆగినవారికి సార్వత్రిక పాఠశాల అనుకూలమైనది. గరిష్ఠ వయోపరిమితి లేదు. సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయనక్కరలేదు, ఉత్తీర్ణమైన సబ్జెక్టు మార్కులు నిలిచి ఉంటాయి. అధ్యయన కేంద్రాలు చాలావరకు ఉన్నత పాఠశాలల్లోనే ఉంటాయి. సెలవు దినాల్లో ముఖాముఖి తరగతులు చెప్పేదీ తరచుగా ఆ బడి పంతుళ్లే. కాబట్టి దూరవిద్య వారికి పరాయిది కాదు.

వారి అభ్యంతరం మరొకచోట ఉంది. తొమ్మిదో తరగతిలో వెనుకబడిన పిల్లవాణ్ణి ‘ఓపెన్‌లో కట్టించేద్దాం’ అనే ధోరణి పెరిగితే, రెండో అవకాశంగా పుట్టిన వ్యవస్థ బడి నుండి బయటకు పంపే దారిగా మారుతుంది. ఈ ఆందోళనను తేలికగా తీసుకోరాదు.

తెర మీది పాఠం

2020లో దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పదో తరగతి పాఠాలు ప్రసారమయ్యాయి. తెర మీద పాఠం మనకు కొత్త కాదు. 1975–76లో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు చేరింది. అప్పట్లో పిల్లలు ఊరుమ్మడి టీవీ ముందు కలిసి కూర్చొని చూశారు. 2020లో ఎవరింట్లో వారే, అదీ ఇంట్లో ఒక్కటే ఉన్న ఫోను తండ్రితో పనికి వెళ్లకపోతేనే.

ఇందులో తెలుగు ఉపాధ్యాయుని ఇబ్బంది ప్రత్యేకమైనది. ఛందస్సు పాఠమే చూద్దాం. ‘పద్మము’ అనే పదానికి గణవిభజన చేయమంటే విద్యార్థి మూడు లఘువులు గుర్తించి నగణమంటాడు. సంయుక్తాక్షరానికి ముందున్న ‘ప’ గురువవుతుందని, అది భగణమని తెలియదు. నల్లబల్ల దగ్గర అతని చేయి ‘ప’ మీద లఘువు గుర్తు పెట్టగానే పొరపాటు ఎక్కడ మొదలైందో గురువుకు తెలుస్తుంది. ఫోనులో పంపిన నోటుబుక్కు ఫోటోలో గైడు చూసి రాసిన సరైన జవాబే కనిపించవచ్చు. పద్యపఠనంలో విరుపు, ఒత్తక్షరాల ఉచ్చారణ కూడా ఇంతే. 2020, 2021 సంవత్సరాల్లో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రద్దై అందరూ ఉత్తీర్ణులు కావడంతో, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడో తెలుసుకునే ఆ చివరి సాధనమూ లేకపోయింది.

అందువల్ల ఉపాధ్యాయులు కోరేది తెరను తీసివేయడం కాదు, ముఖాముఖి గంటలు తగ్గకుండా చూడడం. పద్యపఠనం, కవి పరిచయం వంటివి రికార్డు చేసిన పాఠాలకు వదలవచ్చు. గణవిభజన, ఉక్తలేఖనం, సొంతవాక్యాలు మాత్రం అధ్యయన కేంద్రంలోనే జరగాలి. ఆ తరగతుల తేదీలను నిడదవోలు వంటి చోట్ల నాట్లు, కోతల రోజులు చూసుకొని నిర్ణయించే వీలు కేంద్రానికే ఉండాలి.