పుష్కరాల వీడియోలు: టేపు నుంచి తెర దాకా

కృష్ణా పుష్కరాలు 2004లోను, ఆ తరువాత 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి. మళ్లీ 2028లో రానున్నాయి. విజయవాడ దుర్గా ఘాట్‌లో ఆ రెండు పర్యాయాలు తీసిన దృశ్యాలను ఒకే చిత్రంగా కూర్చి, రాబోయే పుష్కరాల నాటికి తెర మీద చూపాలని ఏ కళాశాలో సాంస్కృతిక సంఘమో తలపెడితే, ఎడిటింగ్ నేర్పు కన్నా ముందు అవసరపడేది ఫైళ్ల మార్పిడి, అంటే ఒక రూపంలో ఉన్న వీడియోను పనిచేయబోయే సాఫ్ట్‌వేర్ సాఫీగా చదవగల మరో రూపంలోకి తేవడం. 2004 నాటి దృశ్యాలు ఎక్కువగా మినీ డీవీ టేపుల మీద, వాటి నుంచి తీసిన వీసీడీల మీద ఉంటాయి. 2016 నాటివి చాలావరకు ఫోన్లలో ఉంటాయి. ఘాట్ ఒకటే అయినా ఈ రెండు రకాల ఫైళ్ల నిర్మాణం వేరు.

ఫైలు పేరు చివర కనిపించే ఎంపీ4, ఎంఓవీ, ఏవీఐ వంటి అక్షరాలు దాని కంటెయినర్‌ను, అంటే బొమ్మను, ధ్వనిని, సమయ సూచికలను కలిపి ఉంచే పెట్టెను మాత్రమే తెలియజేస్తాయి. లోపలి బొమ్మను ఏ లెక్క ప్రకారం కుదించారో నిర్ణయించేది కోడెక్. పేరు చివర ఎంఓవీని చెరిపి ఎంపీ4 అని రాసి మార్పిడి అయిపోయిందనుకోవడం నూజివీడు చిన్నరసాల పెట్టె మీద బంగినపల్లి అని చీటీ అంటించడం వంటిది. కోడెక్ సరిపోయి కంటెయినర్ ఒక్కటే నప్పనప్పుడు బొమ్మ జోలికి పోకుండా పెట్టెను మాత్రం మార్చే రీమక్సింగ్ చాలు. అది కొద్దిసేపట్లో ముగుస్తుంది, నాణ్యత ఇసుమంతైనా తగ్గదు. కోడెక్‌నే మార్చవలసి వస్తే బొమ్మను విప్పి మళ్లీ కుదించాలి. ట్రాన్స్‌కోడింగ్ అనే ఈ పనిలో సాధారణంగా ప్రతిసారీ కొంత వివరం శాశ్వతంగా పోతుంది కనుక, మార్చిన ఫైలునే మళ్లీ మళ్లీ మార్చే అలవాటు మంచిది కాదు. 2000లో ఫాబ్రీస్ బెల్లార్ ప్రారంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ ఈ రెండు పనులూ చేస్తుంది. ఆదేశాలు టైపు చేయడం కష్టమనుకునేవారికి ట్రాన్స్‌కోడింగ్ కోసం హ్యాండ్‌బ్రేక్ ఉంది. రెండూ ఉచితమే.

2004 టేపుల విషయంలో తొందర అవసరం. మినీ డీవీ టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే పనిచేసే కెమెరా, ఫైర్‌వైర్ పోర్టు ఉండాలి. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టు రావడం లేదు. గంట టేపుకు గంట సమయం, సుమారు 13 జీబీ స్థలం పడతాయి. వీహెచ్ఎస్ క్యాసెట్ల పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే వాటిని ఆడించే వీసీఆర్‌లను చివరిదాకా తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జూలైలో, అంటే గత పుష్కరాలకు కొద్ది వారాల ముందే, తయారీ మానేసింది. టేపు పోయి వీసీడీ ఒక్కటే మిగిలితే దక్కేది 352×288 చుక్కల బొమ్మ. దానిని ఎంత పెద్దది చేసినా పోయిన వివరం తిరిగి రాదు.

టేపు మీది బొమ్మ ఇంటర్‌లేస్డ్ పద్ధతిలో ఉంటుంది. మన దేశపు పాల్ ప్రమాణం ప్రకారం సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒకసారి, బేసి గీతలు మరోసారి, అంటే సెకనుకు 50 సగం బొమ్మలు నమోదవుతాయి. పాత టీవీలో ఇది కంటికి ఆనేది కాదు. కంప్యూటర్ తెర మీద మాత్రం మునక వేసి లేస్తున్న మనిషి భుజాల అంచులు అడ్డంగా చీలినట్టు కనిపిస్తాయి. డీ-ఇంటర్‌లేసింగ్‌తో ఆ 50 సగాలను 50 పూర్తి ఫ్రేములుగా మారిస్తే కదలిక సాఫీగా నిలుస్తుంది. 25కు కుదిస్తే నీటి చిందులలోని జీవం కొంత తగ్గుతుంది. మరో చిక్కు, 720×576 చుక్కలున్న ఈ బొమ్మ అసలు నిష్పత్తి 4:3 కాగా నేటి తెరలు 16:9వి. అందుకని తెర నిండా సాగదీస్తే భక్తులందరూ లావెక్కిపోతారు. ఇరుపక్కల నల్లని ఖాళీ వదిలేయడమే మర్యాద, అయినా సాగదీసేవారే ఎక్కువ.

ఫోన్ వీడియోలో బొమ్మ స్పష్టంగా ఉన్నా కాలం లెక్క నిలకడగా ఉండదు. వెలుతురును, ప్రాసెసర్ భారాన్ని బట్టి ఫ్రేముల వేగం మారుతూ ఉండే ఈ తీరును వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఇటువంటి ఫైలును కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల టైమ్‌లైన్ మీద నేరుగా పెడితే, మొదట్లో సరిగానే ఉన్న సంకల్పం చెప్పే పురోహితుడి గొంతు పది నిమిషాలకు పెదవుల కన్నా ముందో వెనుకో నడుస్తుంది. ముందుగానే స్థిరమైన వేగానికి మారిస్తే ఈ బాధ ఉండదు.

ఎడిటింగ్ కోసం ఫైళ్లను మార్చడానికి మరో కారణం కుదింపు తీరు. 1920×1080 చుక్కల బొమ్మను చుక్కకు 3 బైట్ల చొప్పున, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన కుదించకుండా దాస్తే గంటకు సుమారు 560 జీబీ అవుతుంది. 2016 నాటి ఫోన్లు ఎక్కువగా వాడిన హెచ్.264 కోడెక్ ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచక, ముందువెనుకల ఫ్రేములతో ఉన్న తేడాలను మాత్రమే రాసుకుని దానిని కొద్ది జీబీలకు తెస్తుంది. అయితే మధ్యలో ఒక చోట కత్తిరించాలంటే కంప్యూటర్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేము నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి కాబట్టి పాత యంత్రాలు మొరాయిస్తాయి. ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే యాపిల్ ప్రోరెస్, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవారికి సుపరిచితమైన ఎడియస్ వాడే హెచ్‌క్యూఎక్స్ వంటి కోడెక్‌లకు మారిస్తే పని తేలికవుతుంది, హార్డ్‌డిస్క్ మాత్రం నిండుతుంది: ప్రోరెస్ 422లో గంటకు దాదాపు 55 జీబీ.

ప్రదర్శనకు కావలసింది దీనికి పూర్తిగా విరుద్ధం. పవర్‌పాయింట్‌లో పెట్టదలచిన వీడియో చిన్నదిగా, ఏ కంప్యూటర్‌లోనైనా ఆడేదిగా ఉండాలి కనుక ఎంపీ4 కంటెయినర్, హెచ్.264 బొమ్మ, ఏఏసీ ధ్వని అన్నింటికన్నా క్షేమం. 2013లో వచ్చిన హెచ్.265 ఇంకా చిన్న ఫైలు ఇస్తుంది గాని, ఫంక్షన్ హాలు కంప్యూటర్‌లో దాని కోడెక్ లేకపోతే మాట వినిపించి బొమ్మ రాకపోవచ్చు. పవర్‌పాయింట్ 2010కి ముందు వీడియో స్లయిడ్ ఫైలులోకి చేరేది కాదు, దాని చిరునామా మాత్రమే చేరేది. నేటికీ లింకు పద్ధతి ఎంచుకుంటే వీడియోను కూడా పక్కనే కాపీ చేసుకోవాలి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చినది ఎక్కించుకుంటుంది గాని, హాలులోని పాత టీవీ దానిని చదువుతుందో లేదో ముందురోజే పెట్టి చూసుకోవాలి.