మిర్రర్ డిస్కులు: పనిని కెర్నల్ ఎలా పంచుతుంది?

శంషాబాద్ విమానాశ్రయంలో రెండు రన్‌వేలున్నాయి. ప్రధానమైనది 4,260 మీటర్లు, రెండోది 3,707 మీటర్లు. మొదటిది మరమ్మతులో ఉన్నప్పుడు విమానాలు రెండోదాని మీద దిగుతాయి. మిర్రర్ డిస్కు అనగానే విద్యార్థులు చాలామంది ఇలాంటి ఏర్పాటునే ఊహించుకుంటారు: ఒక డిస్కు పనిచేస్తుంది, రెండోది ఇది చెడిపోయే రోజు కోసం కాచుకుని ఉంటుంది. ఆ ఊహ సరికాదు. రెండు డిస్కులూ రోజూ పనిచేస్తాయి, పని పంచేది కెర్నల్. లినక్స్ కెర్నల్‌లోని ఎమ్‌డి డ్రైవర్ ఆధారంగా ఆ పంపకం చూద్దాం. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ పరిశోధన పత్రంలో రెయిడ్ లెవెల్ 1 అని పిలిచింది ఈ పద్ధతినే.

ముందు రైట్ సంగతి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే 4.17 మిల్లీసెకన్లు. మిర్రర్‌లో రెండు డిస్కులూ రాసేదాకా ఆగాలి. రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరుగుతుంటే, ఆలస్యంగా ముగిసేదాని సగటు చుట్టులో మూడింట రెండు వంతులు, అంటే 5.56 మిల్లీసెకన్లు అవుతుంది. డిస్కులోని క్యాష్ మెమరీ దీన్ని కొంత దాచిపెడుతుంది గాని, మిర్రర్ వల్ల రైట్ వేగం పెరగదు.

లాభమంతా రీడ్‌లోనే. అక్కడ ఏ ప్రతినుంచి చదివినా ఒకటే కదా. ఇద్దరు వినియోగదారులు రెండు వేర్వేరు ఫైళ్లు అడిగితే, చెరో డిస్కూ చెరొకరికి అందించగలదు. డ్రైవర్ ప్రతి డిస్కు హెడ్ చివరిసారి ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. ఎస్‌ఎస్‌డిలో హెడ్ లేదు, కాబట్టి దూరం అనే మాటకు అర్థమే లేదు. అందుకే 2012లో వెలువడిన 3.6 కెర్నల్ నుంచి, ఎస్‌ఎస్‌డిలున్న మిర్రర్‌లో ఎదురుచూస్తున్న పనులు తక్కువగా ఉన్న డిస్కునే ఎంచుకుంటున్నారు.

ఇక్కడ పరీక్షలో తరచూ కనిపించే తప్పు ఒకటుంది. ఒకే పెద్ద ఫైలును వరసగా చదివేటప్పుడు సరి బ్లాకులు ఒక డిస్కు నుంచి, బేసి బ్లాకులు మరోదాని నుంచి తీసుకుంటే సమయం సగమవుతుందని రాస్తారు. తిరిగే డిస్కులో అలా కాదు. వదిలేసిన బ్లాకు కూడా హెడ్ కింది నుంచి వెళ్లాల్సిందే, ఆ సమయం ఎలాగూ ఖర్చవుతుంది. అందుకే వరస రీడ్ మొదలైన డిస్కుతోనే డ్రైవర్ దాన్ని కొనసాగిస్తుంది.

కరెంటు హఠాత్తుగా పోతే? ఒక డిస్కులో రాయడం పూర్తయి, రెండోదానిలో పూర్తి కాకపోవచ్చు. తేడా ఎక్కడో తెలియదు కనుక మొత్తాన్నీ సరిచేసుకోవాలి. సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో 4 టెరాబైట్లకు దాదాపు ఏడున్నర గంటలు. సరిచేయని భాగాన్ని రెండు డిస్కుల నుంచి చదివితే ఒకే ప్రశ్నకు రెండు జవాబులు రావచ్చు, అందుకే అక్కడ ఒకే డిస్కు నుంచి చదువుతారు. అంటే రీడ్ లాభం కూడా ఆ మేరకు పోతుంది.

దీనికి మందు రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్: రాయబోయే ప్రాంతానికి ముందే గుర్తు పెట్టడం. తర్వాత గుర్తున్న ప్రాంతాలను మాత్రమే సరిచేస్తే చాలు. ఆ గుర్తు పెట్టడానికీ ఒక రైట్ ఖర్చవుతుంది. ఆ ఖర్చు మిగుల్చుకుందామని నేను ఒకసారి ఫలితాల సర్వర్‌లో బిట్‌మ్యాప్ తీసేయించాను. ఫలితాలు ప్రకటించాల్సిన ముందురోజు రాత్రి కరెంటు పోయింది. తెల్లవారేదాకా డిస్కులు సరిచేసుకుంటూనే ఉన్నాయి, నేను వాటి పక్కనే కూర్చున్నాను. బిట్‌మ్యాప్ తీసేయకుండా ఒక్కో గుర్తు కిందికి వచ్చే ప్రాంతాన్ని పెద్దది చేసి ఉంటే సరిపోయేది. గుర్తులు తక్కువసార్లు మారతాయి, సరిచేయాల్సినది మాత్రం కాస్త పెరుగుతుంది.

మీరు ప్రయత్నించండి: ఒక ఎస్‌ఎస్‌డి, ఒక తిరిగే డిస్కు కలిపి మిర్రర్ చేశారు. 'రైట్-మోస్ట్‌లీ' గుర్తున్న డిస్కు నుంచి, వేరే డిస్కు ఉన్నంతవరకు కెర్నల్ చదవదు. ఆ గుర్తు దేనికి పెడతారు? ఎస్‌ఎస్‌డి చెడిపోతే రీడ్‌లు ఎక్కడికి వెళతాయి? రైట్ వేగం ఏ డిస్కును బట్టి ఉంటుంది?