డిసెంట్ అంటే ఏంటి మాస్టారూ?

తెలుగునేల మీదికి ఇంగ్లీషు బందరు రేవులోనే దిగింది. 1611లో ఈస్టిండియా కంపెనీ అక్కడ కోఠీ పెట్టింది. 1843లో రాబర్ట్ నోబుల్ దొర అదే ఊళ్ళో ఇంగ్లీషు బడి తెరిచాడు, అదీ ముఖ్యంగా పై కులాల పిల్లల కోసం. పక్కనే ఉన్న మొవ్వ ప్రాంతపు మాలపల్లెలకూ మాదిగగూడేలకూ ఆ ఇంగ్లీషు చేరడానికి తరాలు పట్టింది. 2008లో బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. మనోళ్ళ పిల్లలు డిగ్రీ దాటి అక్కడిదాకా వస్తున్నారు. కానీ ఇంగ్లీషు క్లాసులో చాలామంది నోరు మెదపరు. తెలివి లేక కాదు, తప్పు మాట్లాడితే నవ్వుతారన్న భయం.

దీనికి మందుగా ‘ప్రపంచ సమస్యల ద్వారా ఇంగ్లీషు’ అనే పద్ధతిని చెబుతుంటారు. చెప్పాల్సిన సంగతి ఉంటే భాష దానంతటదే కదులుతుందన్నది దాని సూత్రం. సూత్రం మంచిదే. చిక్కల్లా, ఆ పాఠాల్లో ప్రపంచం ఎప్పుడూ మనకు దూరంగానే ఉంటుంది. ధ్రువాల మంచు ఉంటుంది, దివిసీమ ఉండదు. అమెరికా వర్ణవివక్ష ఉంటుంది, మన ఊరి మంచినీళ్ళ చెరువు ఉండదు. మొవ్వ కూడా ప్రపంచంలోదే అని ఒప్పుకుంటే పాఠం ఎలా మారుతుందో చూద్దాం.

మొదటిది, భూతకాలం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగింది. ఆ రోజు ఎవరిది గుడిసె, ఎవరిది డాబా? విద్యార్థి ఇంట్లో ముసలాళ్ళని తెలుగులోనే అడిగి, పది ఇంగ్లీషు వాక్యాలు రాసుకు రావాలి. వాతావరణ మార్పు అనే పెద్దమాట అప్పుడు తుపానుగా, కాలువ చివరి చేలో ఎక్కిన ఉప్పుగా అర్థమవుతుంది.

రెండోది, పాసివ్ వాయిస్. 1991 ఆగస్టు 6న కృష్ణ అవతల చుండూరులో ఎనిమిదిమంది దళితులు హత్యకు గురయ్యారు. ‘ఎయిట్ దళిత్స్ వర్ కిల్డ్’. వ్యాకరణం ప్రకారం తప్పులేని వాక్యం. చంపినవాడు మాత్రం అందులో లేడు. ‘బై’ తర్వాత ఎవరిని రాయాలి? 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. వాక్యంలోంచి కర్త ఎలా మాయమవుతాడో ఒక్కసారి చూసిన విద్యార్థి పాసివ్ వాయిస్‌ని జన్మలో మరవడు.

మూడోది, ఒక్క మాట. జాతివివక్ష నిర్మూలన కోసం 1965లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికలో ‘డిసెంట్’ అనే మాటుంది. అంటే వంశం, పుట్టుక. 2001లో డర్బన్ సదస్సులో దళితులు కులాన్ని చర్చకు పెట్టమంటే, కులం జాతి కాదని భారత ప్రభుత్వం అడ్డుపడింది. మరుసటి ఏడే, ఆ ఒడంబడిక అమలుని చూసే కమిటీ ‘డిసెంట్’లో కులం కూడా వస్తుందని చెప్పింది. కోట్లమంది గోడు ఒక్క ఇంగ్లీషు మాట అర్థం మీద ఆగింది. దాదాపు అదే ఉచ్చారణతో, వేరే స్పెల్లింగుతో ఇంకో ‘డిసెంట్’ ఉంది. దానికర్థం అసమ్మతి. రెండూ బోర్డు మీద రాసి, తేడా పిల్లల చేతే చెప్పించాలి.

ఒక జాగ్రత్త. దళిత విద్యార్థిని లేపి ‘నీ అనుభవం చెప్పు’ అనకూడదు. అది పాఠం కాదు, మళ్ళీ వెలివేయడమే. ప్రశ్న అందరికీ వేయాలి. మీ ఊళ్ళో మంచినీళ్ళు ముందు ఏ వీధికి వస్తాయి? భూమి ఎవరిది, కూలి ఎవరిది? పై కులాల పిల్లలూ జవాబు రాయాలి.

ఇది రాజకీయం, భాష కాదు అనేవాళ్ళున్నారు. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ ప్రతులు పంపమని అడిగారు. మధ్యలో దొర లేడు, దుబాసీ లేడు. 2017లో సుజాత గిడ్ల గుడివాడ వాడల్లో బతికిన తన కుటుంబం కథని ఇంగ్లీషులోనే ప్రపంచానికి చెప్పారు. మన పిల్లలకు ఇంగ్లీషు ఉద్యోగం కోసం కావాలి, కాదనం. దాంతోపాటు, మన గురించి ఇతరులు రాసిన వాక్యాలు చదివి, వాటిలో తప్పు దిద్దడానికి కూడా కావాలి.