మాటరాని బిడ్డ నొప్పిని గుర్తించడం ఎలా?
ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి స్థితుల వల్ల మాటరాని పిల్లలు తమ నొప్పిని చెప్పుకోలేరు. అంతమాత్రాన వారికి నొప్పి లేదని కాదు.

ఇటువంటి పిల్లల కొరకు సవరించిన ‘ఫ్లాక్’ కొలమానం ఉంది. ముఖం, కాళ్లు, కదలికలు, ఏడుపు, ఓదారిస్తే ఊరట చెందే తీరు అనే 5 అంశాలకు 0 నుండి 2 వరకు మార్కులు వేసి, మొత్తం 10కి లెక్కిస్తారు. తమ బిడ్డలో మాత్రమే కనిపించే నొప్పి గుర్తులను తల్లిదండ్రులు ఇందులో చేర్పించవచ్చు.

నొప్పి కలిగినా కొందరు పిల్లలు ఏడవరు. బిగుసుకుపోతారు, మౌనంగా ఉండిపోతారు, చేతిని కొరుక్కుంటారు. కొత్తవారు దీనిని వారి అలవాటుగా పొరబడవచ్చు. అందువల్ల బిడ్డ మామూలుగా ఎలా ఉంటుందో, నొప్పి వేళ ఎలా మారుతుందో ముందే కాగితంపై రాసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. స్థానిక భాష రానివారు తెలిసినవారి చేత ఆ భాషలో రాయించుకోవడం మేలు.